పసుపు తేలిన పెళ్లిఫోటోలు

శనివారం రాత్రి, కావలి

చర్చి ఇరుకు కాబట్టి ఎదురింటి సుగుణ పెళ్లికి ఆ పాత వైడ్ లెన్సే వాడాను. నా రేంజ్‌ఫైండర్ రకం డిజిటల్ కెమెరాకు దాన్ని తగిలిస్తే ఫోటో ఎడమ అంచు గులాబీగా, కుడి అంచు ఆకుపచ్చగా వస్తుంది. అదే లెన్సుతో ఏదైనా తెల్లటిదాన్ని తీసి చూపిస్తే కంప్యూటర్ అంచుల్ని సరిచేస్తుంది. నేను తీసింది చర్చి బల్ల మీది గుడ్డని. దాన్ని నీలిమందులో జాడిస్తారని తట్టనే లేదు, బుద్ధిలేని నాకు. కంప్యూటర్ ఆ నీలాన్నే తెలుపనుకుంది. అంచులు బాగుపడ్డాయి, మనుషులంతా పసుపెక్కారు. చూసుకోకుండా నిన్న రెండిళ్లకూ పంపేశాను.

పొద్దున్నే సుగుణ నాన్నగారు స్టూడియోకు వచ్చి మండిపడ్డారు.

"నలుగు పెట్టొద్దని అంత మొత్తుకున్నానే! మా బిడ్డకి పసుపెవురు పూసినారయ్యా?"

ఆయన ఉండగానే వాకాడు నుంచి పెళ్లికొడుకు తల్లి ఫోన్. పసుపు లేని పెళ్లేమిటని పెళ్లప్పుడే అలిగిన మనిషి.

"ఇప్పుడు కళొచ్చింది నాయనా. అట్నే ఉంచు."

తప్పు గుడ్డదని చెబితే ఆయన నమ్మలేదు, ఈమె వినలేదు.

సాయంత్రం తెల్లకాగితం పెట్టి మళ్లీ సరిచేశాను. పసుపు పోయింది. కానీ ఈ కాగితమైనా నిజంగా తెలుపేనా?

ఇంతలో సుగుణే ఫోన్ చేసింది.

"వాళ్ల గొడవలు నాకొద్దన్నా. ఆ పొద్దు నా మొహం ఎట్టుండిందో అట్నే పెట్టు."

రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నా గుర్తు రావడం లేదు. పెళ్లంతా నేను చూసింది అంచుల్నే.