నాన్న లేని సీటు

ప్రియమైన మీకు,

చదివి కోప్పడకండి. మన చిట్టికి ఆ పెద్ద బడిలో సీటొచ్చింది!

కిందటిసారి కొత్త గౌను కుట్టి, ఇంగ్లీషు పాటలు బట్టీ పట్టించి తీసుకెళ్ళాను కదా. కమిటీ వాళ్ళు మొహమొహాలు చూసుకుని, "మా బడిలో అన్ని రకాల పిల్లలూ కనిపించాలనే ఫీజు లేని ఈ ఒక్క సీటు పెట్టామమ్మా. మీ పాప అలా కనిపించడం లేదు" అన్నారు. పేదరికం కూడా కంటికి ఆనాలట, మన ఖర్మ!

అందుకే ఈసారి బాగున్న గౌనునే కత్తెరతో చింపి దానికి తొడిగాను. అయినా కరగలేదు. "నాన్న ఏం చేస్తారు?" అన్నారు. ఓడరేవులో వెల్డింగు అని చెప్పబోయి, "పోయారండీ, ఓడ మీంచి పడి" అనేశాను. ఒకావిడ కళ్ళద్దాలు తీసి మరీ ఏడ్చింది. సీటు అక్కడికక్కడే ఇచ్చేశారు.

మీరు నూరేళ్ళు చల్లగా ఉండాలి.

మీ దాన్ని

ఏమే రాక్షసీ,

చంపేసి నూరేళ్ళు బతకమంటావా! షెడ్డులో చదివి వినిపిస్తే అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మేస్త్రీ అయితే "పోయినోడికి టీ ఎందుకురా" అని నాది కూడా తాగేశాడు. సర్లే, దాని చదువు కోసం ఆ మాత్రం చావలేనా! ఎలా పోయానో మాత్రం అందరికీ ఒకటే మాట చెప్పు. తేడా వస్తే దొరికిపోతాం.

ఒక్కటి అడుగుతాను. ఆ మాట అన్నప్పుడు చిట్టి పక్కనే ఉందా?

సెలవులకి వస్తున్నా.

నీ స్వర్గస్థుడు

ఏవండీ,

పక్కనే ఉంది. మీరు ఇప్పుడు రాకండి.

బడి గేటు దగ్గర దాని మొహంతో ఇంతెత్తు బోర్డు పెట్టారు. చందాలిచ్చే పెద్దలు వచ్చినప్పుడల్లా పిలిచి, నాన్న ఎలా పోయారో చెప్పమంటున్నారు. మొదట్లో నేను నేర్పితే చెప్పేది. ఇప్పుడు తనే కలుపుతోంది. మిమ్మల్ని నీళ్ళలోంచి తీసినప్పుడు చేతిలో తన కోసం కొన్న బొమ్మ ఉందట! చెప్తూ నిజంగానే ఏడుస్తోంది. ఇంటికొచ్చినా ఆ ఏడుపు ఆగడం లేదు. టీచర్లు చెప్పాపెట్టకుండా ఇంటికొస్తున్నారని మీ చొక్కాలన్నీ పెట్టెలో పెట్టేశాను.

ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. సెలవులు అక్కడే గడపండి.

మీ దాన్ని

నీకు,

రేవులో పని ఆపేశారు. షెడ్డు ఖాళీ చెయ్యమన్నారు, మేస్త్రీ వాళ్ళ వరండాలో పడుకుంటున్నా. ఇంకెక్కడికి పోను చెప్పు? పోనీ చుట్టపుచూపుగా వస్తాను. మావయ్య అని చెప్పు. దాన్ని చూసి ఏడాది దాటింది.

నేనే

ఏవండీ,

మావయ్యగా కాదు, నాన్నగానే రండి. సీటు పోయింది.

మన అబద్ధమేమీ బయటపడలేదు. వచ్చే ఏడాది బోర్డుకి కొత్త రకం పిల్ల కావాలట. చూపు లేని పాపని ఎవరినో చూసుకున్నారు. "తండ్రి లేని పిల్ల ఏడాదిగా బోర్డు మీదే ఉంది కదమ్మా, జనానికి పాతబడింది" అన్నారు. మర్యాదగానే, బిస్కెట్లు పెట్టి మరీ.

చిట్టి సరిగ్గా అన్నం తినడం లేదు. మీ కబురు చెప్తే అయినా తేరుకుంటుందని, "నాన్న వచ్చేస్తున్నాడే" అన్నాను. నా మొహంలోకి చూసి, "నాన్న ఉన్నాడని వాళ్ళకి తెలిసిపోయిందా? అందుకే తీసేశారా?" అంది. కాదమ్మా అంటే వినలేదు. "రావొద్దని రాయి. ఈసారి నిజంగా చచ్చిపోమను. మళ్ళీ సీటు ఇస్తారు" అంది.

కొడదామని చెయ్యెత్తాను. నేర్పిందాన్ని నేను, దాన్నేం కొట్టను?

మీరు మాత్రం రండి. అది ఏమన్నా సరే, లోపలికి రండి.

మీ దాన్ని