బోర్డు మీద మిగిలిన బిళ్ల

గోదావరిఖని,
తేది: 17-11-2025, సోమవారం.

ఈ రోజు పనులు: నీళ్లు పట్టడం అయింది. వంట అయింది. కిటికీల మీది బొగ్గు దుమ్ము తుడవడం అయింది. ఈ అర్జీ మిగిలింది.

గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారికి,
ప్రజావాణి, పెద్దపల్లి.

అయ్యా,

విషయం: చనిపోయిన నా భర్త కొమురెల్లి పేరును మూడు కంపెనీల బిట్‌కాయిన్ ఖాతా నుండి తొలగించుట గురించి.

1. నా భర్త బొగ్గుగని ల్యాంపు రూములో పనిచేసి రిటైరైనారు. గనిలోకి దిగే మనిషి తన నంబరు బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. ల్యాంపు రూము బోర్డుకు ఆ బిళ్ల వేలాడుతున్నదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. బోర్డు ఖాళీ కానిదే ఆయన ఇంటికి వచ్చేవారు కాదు.

2. బియ్యం మిల్లు, టిప్పర్ల కంపెనీ, నర్సింగ్ హోమ్ నడిపే వీరేందర్ గారు ఆ నమ్మకం మీదనే ఆయనను ఖజానా చూడడానికి పెట్టుకున్నారు. నిరుడు మూడింటి నిల్వ సొమ్మునూ బిట్‌కాయిన్‌లోకి మార్చారు. బయటి దేశాల్లో సాఫ్ట్‌వేర్ వాళ్లు, హోటళ్ల వాళ్లు కూడా ఇట్లనే దాస్తున్నారని చెప్పారు. "ఇది గూడ బిళ్లనే కొమురెల్లన్నా. కంటికి కానరాదు, గంతే. నీకంటె మంచిగ ఎవరు చూస్తరు?" అన్నారు. బిళ్ల అన్న ఆ ఒక్క మాటకు నా భర్త ఒప్పుకున్నారు. నిల్వ కదలాలంటే వీరేందర్ గారూ, నా భర్తా ఇద్దరూ ఆమోదించాలి. నా భర్త వంతు నొక్కే పరికరం వీరేందర్ గారి ఆఫీసు బీరువాలో ఉంటుంది. అది నొక్కినప్పుడల్లా నా భర్త ఫోనుకు సందేశం వస్తుంది.

3. ఆయన ఏప్రిల్‌లో గుండెపోటుతో పోయినారు. పెద్దకర్మ నాడు, చుట్టాలు విస్తర్ల ముందు కూర్చున్నప్పుడు, ఆ ఫోను మోగింది. "కొమురెల్లి ఆమోదించారు" అని ఉన్నది. అప్పటి నుండి మిల్లుది ఆసుపత్రికి, ఆసుపత్రిది టిప్పర్లకు కదిలినప్పుడల్లా ఆయనే ఆమోదిస్తున్నారు. మొదట్లో ఫోను మోగితే ఆయన కుర్చీ వైపు చూసేదాన్ని. ఇప్పుడు అటు చూడడం మానుకున్నాను.

4. వీరేందర్ గారిని అడిగాను.

"అన్న పేరు తీస్తే తాళాలన్ని మార్చాలె వదినా. ఉండనీ, ఏం పోతది? అన్నకు ఇజ్జతే గదా."

"పేరుంటే మనిషి ఉన్నట్టే గదా తమ్మీ. మరి పొద్దూకితే బువ్వ వండి పెట్టాల్నా?"

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.

5. మూడు నెలలుగా మిల్లులో జీతాలు లేవు. అక్కడి హమాలీ సదయ్య, ఒకప్పుడు గనిలో దిగినవాడు, మా దర్వాజ దగ్గరికి వచ్చి లోపలికి రాకుండా నిలబడ్డాడు. "అక్కా, ఆఫీసుల అడిగితే అంత కొమురెల్లి బావనే కదిలించిండంటున్నరు. ఏందక్కా, బావ బిళ్ల ఇంక దించలేదా?" అన్నాడు.

రేపు ఆ నిల్వ మాయమైతే దొంగ నా భర్తే అవుతారు. జవాబు చెప్పడానికి ఆయన పైకి రాలేరు.

కావున ఆయన పేరు తీయించి, ఏప్రిల్ తరువాతి ఏ ఆమోదమూ ఆయనది కాదని నాకొక కాగితం ఇప్పించగలరని ప్రార్థన. మరణ ధ్రువపత్రం జతపరిచాను. ఒక ఇల్లాలి మాటగా కాక, ల్యాంపు రూము లెక్కగా దీనిని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
గుండేటి రమ

మరొక మనవి: ఇది మడుస్తుండగా ఫోను మళ్లీ మోగింది. తీసి చూడలేదు. బస్టాండుకు పోతూ, ఆయన పేరు మీద ఖైజర్ హోటల్లో మిగిలిన చాయ్ పైసలు ఇచ్చేస్తాను. దానితో ఈ ఊర్లో ఆయన బాకీ చెల్లు. ఇక దించవలసింది బిళ్ల ఒక్కటే.