మోకాళ్లు పట్టేసిన ముసలాడు

బావా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. భోజనాలయ్యాక నీ తమ్ముడు మన కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ పాతకాలపు జపాన్ కోట ఆట తెరిచాడు. కాపలావాళ్ల కంటపడకుండా మనవాళ్లు ఐదుగురిని లోపలికి చేర్చాలని రెండు నెలలు మనం పడ్డ తంటాలు వాడికేం తెలుసు? మౌస్ నీది, లెక్క నాది. కాపలావాడు వెనక్కి తిరిగేదాకా నేను వాడి అడుగుల్ని బల్ల మీద వేలితో కొట్టేవాణ్ణి. పడగొట్టిన ప్రతివాణ్ణీ నువ్వు పొదలోకి లాగేవాడివి. "పాపం, ఎండలో ఒగ్గీకూడదురా" అనేవాడివి.

చివరికి నలుగురు గోడెక్కారు. మోకాళ్లు పట్టేసిన ముసలాడొక్కడే కింద మిగిలాడు.

"ఆడినొగ్గేసి ఎలిపోదుం బావా" అన్నాను.

"నోర్ముయ్. రేపు నానొచ్చి ఎక్కిస్తాను" అని ఆట అక్కడే ఆపావు. మర్నాడు ఆమదాలవలసలో రైలెక్కించి నిన్ను విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లాం.

అప్పట్నుంచి నేను దాన్ని ముట్టుకోలేదు. ఈరోజు నీ తమ్ముడు ఇంటర్నెట్‌లోంచి ఏదో దొంగ కోడ్ తెచ్చి కొట్టాడు. కాపలావాళ్లందరికీ చూపు పోయింది. గోడెక్కిన నలుగురినీ దింపేసి, ముసలాడితో సహా పెద్ద గేటులోంచి ఊరేగించాడు. అడ్డొచ్చినవాణ్ణల్లా నరికి ఎండలోనే వదిలేశాడు. మౌస్ నిండా గారెల నూనె.

"ఇంత సులువు ఆటకి ఇద్దరూ రెండు నెల్లు కూకున్నారేటి?" అని నవ్వాడు.

ఛీ! వాడి మొహం చూడబుద్ధి కాలేదు. నా మీద నాకు అంతకన్నా రోతగా ఉంది. ఆపరా అని ఒక్క మాట అనలేదు. వాడి వెనక నిలబడి, చూపులేని ఆ కాపలావాళ్ల అడుగుల్ని బల్ల మీద వేలితో కొడుతూనే ఉన్నాను.