అట్టపెట్టె పారేయకు

అమ్మా,
హాల్లో ఉన్న వాషింగ్ మెషిన్ అట్టపెట్టె పారేయకు. అక్క కూతురు లేవగానే అందులో పడుకోబెట్టి, పక్కనే మిక్సీ వెయ్యి. కదలకుండా ఉంటే మెచ్చుకో, నవ్వించకు. మధ్యాహ్నం మా ల్యాబ్‌లో దాని మెదడుకు స్కాన్. ఆ యంత్రమూ ఆ పెట్టెలాంటి గొట్టమే, చప్పుడు మాత్రం మిక్సీకి తాత! మాటలు నేర్చే వయసులో మెదడు ఎలా పనిచేస్తుందో చూద్దామంటే, ఇంతవరకు వచ్చిన పిల్లలందరూ మెలికలు తిరిగి స్కాన్ బొమ్మలన్నీ అలికేశారు. నీ మనవరాలు కదలకపోతే మా మొదటి మంచి బొమ్మ దానిదే! నా కాళ్లు నేలమీద ఆనడం లేదు. నాన్నేమో, "ఇన్నేళ్లు చదివి చివరికి తలకాయల ఫోటోలా?" అన్నారు. అననీ. నువ్వూ రావాలి. లోపల దాని పాదం పట్టుకుని కూర్చునేది అమ్మమ్మే అని మా ల్యాబ్ మేడమ్‌తో చెప్పేశాను.

ఇంకోటి. జరీ చీర తీస్తావని తెలుసు, వద్దు. పిన్నీసులూ వద్దు, అక్కడుండేది పెద్ద అయస్కాంతం. మామూలు నూలు చీర చాలు. నేను పనిచేసే చోటు నువ్వు చూడటమే నాకు పండగ.