పాట మీద మాటలు

వదినకు,

అన్నయ్య పోయాక ఒక్కసారైనా ఆ గొంతు వినాలనుందని, ఆ రాక్ బ్యాండు కచేరీ వీడియో పంపమన్నారు. తీసింది అన్నయ్యే. తీస్తున్నంతసేపూ నాతో, "ఆ డ్రమ్ములవాడికి ఎవరిమీదో కోపంరా," అంటూ మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ బ్యాండు అభిమానులం మేం ఇలాంటి వీడియోలు ఒకరికొకరం మార్చుకుంటాం. పాట మీద మాటలుంటే ఎవరూ తీసుకోరు. అందుకని నా దగ్గరున్నదాంట్లో మాటలన్నీ చెరిపేశాను. అప్పుడు అన్నయ్య పక్కనే ఉన్నాడు. "నా నోరు మూయించావు కదరా," అని నవ్వాడు.

చెరపకముందు ఒక స్నేహితుడికిచ్చిన డిస్కు దొరికింది. ఆదివారం తెస్తాను. దాని మీద నా చేతిరాతతో చీటీ ఉంది: "మూడో రకం. ఎవరో పాట మధ్యలో మాట్లాడుతున్నారు." దాన్ని నేను పీకలేదు. మీరే పీకెయ్యండి.

మీ మరిది