రోహిణి కాగితం మీద సంతకం

యల్లమందా, మేం బాగున్నాం. ఫోనులో అయితే మధ్యలో పెట్టేస్తావని పక్కింటి ఝాన్సీ చేత ఈ కార్డు రాయిస్తున్నా. మన మున్సిపాలిటీ వాళ్ళు పదో తరగతి పిల్లల్ని కొండవీడు కొండ మీదికి తీసుకెళ్ళి, ఒక రాత్రి గుడారాల్లో ఉంచి తీసుకొస్తారంట. టీచరమ్మలు కూడా ఉంటారు. "ఆడపిల్ల బయట పడుకోవడమేంది?" అని నీ కూతురు రోహిణి అనుమతి కాగితం మీద సంతకం పెట్టనన్నావంట. మొన్న వేసవిలో మిరపకాయల కల్లంలో పది రాత్రులు దాన్ని నాతోపాటు కాపలా పడుకోబెట్టావే, అప్పుడది ఆడపిల్ల కాదా? డెబ్బై ఏళ్ళొచ్చినా నేను ఆ కొండను బస్సులోంచే చూశాను. నా వేలిముద్ర చెల్లదన్నారు, తండ్రి సంతకమే కావాలంట. ఆదివారం నడికుడి నుంచి వచ్చి పెట్టిపో. పచ్చడి సీసా ఖాళీ అయితే పట్టుకురా. కల్లం కాపలాకి రోహిణి చేతికిచ్చిన టార్చిలైటు కూడా తీసుకురా, దానికి కొండ మీద కావాలి. చల్లగా ఉండు నాయనా.

మీ అమ్మ