పాత టర్కిష్ మాటకో స్తోత్రం

ఏమండీ,

మన అమ్మాయి షారోన్‌కి డాక్టరేట్ వచ్చేసిందండీ. మీరుంటే ఈపాటికి పిస్కాటవేలో తెలుగువాళ్ళందరికీ ఫోన్లు వెళ్ళిపోయేవి.

ఇవాళ చర్చిలో పాస్టర్ గారు దాన్ని సాక్ష్యం చెప్పమన్నారు. మీరు పోయాక అది మైకు పట్టుకోవడం ఇదే మొదలు. "ప్రభువుకి థాంక్స్" అని, రెండో మాటకే తను డాక్టరేట్ చేసిన పాత టర్కిష్‌లోకి దూకేసింది. పూర్వం కొన్ని మాటల చివర ఉన్న 'బ' రానురాను 'ప'గా గట్టిపడిందట. పుస్తకం అంటే 'కితాప్'. 'నా పుస్తకం' అంటే మాత్రం 'కితాబిమ్'.

"వెనకాల అచ్చు చేరగానే పాత సౌండ్ మళ్ళీ వచ్చేస్తుంది అంకుల్" అని ముందు వరసకి చెబుతోంది, కార్లో మీకు చెప్పినట్టే చేతులూపుతూ.

సంఘమంతా తెల్లమొహం వేసింది. ఎక్కడ స్తోత్రం అనాలో ఎవరికీ తెలియలేదు. మీరైతే అర్థం కాకపోయినా అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా అనేసేవారు. నేను మోచేత్తో పొడిచేదాన్ని.

పిల్ల ఆగి, మీరు కూర్చునే వైపు చూసింది.

"స్తోత్రం" అన్నాను. గోడలు అదిరేలా వచ్చింది నా గొంతు. వెంటనే అందరూ అందుకున్నారు, పిల్ల నవ్వేసింది.

పక్కనున్న మీ చెల్లెలు నన్ను మోచేత్తో పొడిచింది.